గుమ్మానికి అడ్డంగా పడుకున్న రోజులు

మొన్న అటక సర్దుతుంటే పాత ట్రంకుపెట్టె అడుగున ఒక క్యాసెట్ దొరికింది. భజన పాటల క్యాసెట్. దాని పై అంచున రెండు మూలలా ఉండే చిన్న కన్నాల మీద తెల్ల ప్లాస్టర్ ముక్కలు అంటించి ఉన్నాయి. ఆ కాలం వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. పాటల క్యాసెట్ల మీద ఎవరూ మళ్ళీ రికార్డు చెయ్యకుండా కంపెనీవాళ్ళు ఆ మూలల్లో ఉండే ప్లాస్టిక్ పలుకులు తీసేసి అమ్మేవారు. మనమేమో ఆ కన్నాలు మూసేసి, దేవుడి పాటల మీద మన ఇంటి గోల రికార్డు చేసుకునేవాళ్ళం. దీనికి ప్లాస్టర్ అంటించింది నేనే. పైన కాగితం మీద నా దస్తూరీతో "అమ్మడు, 2003" అని ఉంది.

దాన్ని చేత్తో పట్టుకుని నిచ్చెన మీదే కాసేపు నిలబడిపోయాను. కింద నుంచి మా ఆవిడ, "ఏవండీ, పాము గానీ కనబడిందా?" అని అడిగింది.

2003లో నేను కొవ్వూరు స్టేషన్లో అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్ని. గోదావరికి ఇవతలి గట్టు కొవ్వూరు, అవతలి గట్టు రాజమండ్రి. అప్పుడు మాది పశ్చిమ గోదావరి జిల్లా. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు కొవ్వూరు తూర్పు గోదావరిలోకి వెళ్ళింది. ఊరు కదల్లేదు, నది కదల్లేదు, పడమటి గట్టు మాత్రం తూర్పయి కూర్చుంది. స్టేషన్ వెనకాల రెండు గదుల క్వార్టర్ మాది. పెరటి కంచె దాటితే పట్టాలే.

మా ఆవిడ టీచరు. పక్క మండలంలో బడి. ఎనిమిదిన్నరకల్లా బస్సు ఎక్కకపోతే ప్రార్థనకి అందదు. మా అమ్మ అన్నయ్య దగ్గర ఉండేది, అత్తగారు పండగలకి వచ్చి వెళ్ళేవారు. రెండేళ్ళ మా అమ్మాయి, అమ్మడిని చూసుకోవడానికి మనిషిని పెట్టుకునేంత జీతాలు కావు. నా డ్యూటీ వారానికోసారి మారేది. పొద్దున డ్యూటీ పడిన వారం అమ్మడు పక్కింటి బామ్మగారి దగ్గర. మిగతా రెండు వారాలూ పగలంతా నాదే పూచీ. అందులో నైట్ డ్యూటీ వారం సంగతే ఇప్పుడు చెబుతున్నది.

నైట్ అంటే రాత్రి పన్నెండు నుంచి పొద్దున ఎనిమిది. రాత్రంతా బండ్లని నడిపించే కంట్రోల్ ఆఫీసు నుంచి ఫోను, బండి పంపొచ్చని పక్క స్టేషన్‌కి లైన్ క్లియర్ ఇవ్వడం, వచ్చే ప్రతి బండికీ ప్లాట్‌ఫారం మీద నిలబడి పచ్చలైటు చూపించడం. ఎనిమిదింటికి వచ్చినాయనకి ఛార్జి అప్పగించి, ఏ లైన్లో ఏ బండి నిలబడి ఉందో పుస్తకంలో రాసి, సంతకం పెట్టి ఇంటికొస్తే, ఇంటి దగ్గర ఇంకో ఛార్జి తీసుకోవాలి. మా ఆవిడ గుమ్మంలో చెప్పులేసుకుంటూ గడగడా అప్పజెప్పేది: "ఇడ్లీ ఒకటిన్నర తింది. పాలు ముట్టలేదు. ముక్కు కారుతోంది, ఎండలో తిప్పకండి. ఎర్రగౌను అడిగితే ఉతికానని చెప్పండి, కనబడనివ్వకండి." స్టేషన్లో పద్ధతికీ దీనికీ తేడా సంతకం ఒక్కటే.

మొదట్లో ఆవిడ అమ్మడికి తెలీకుండా పెరటి దారిన వెళ్ళిపోయేది. ఏడుపు చూడలేక. అది మేం చేసిన తెలివితక్కువ పనుల్లో మొదటిది. నాలుగు రోజుల్లో పిల్లకి కిటుకు తెలిసిపోయింది. అమ్మ వెళ్ళేది చేతిసంచితోనే కాబట్టి, పొద్దున లేవగానే ఆ సంచి మీద ఎక్కి కూర్చునేది. పళ్ళు తోముకోవడానికి కూడా దిగేది కాదు. చివరికి బామ్మగారే చెప్పారు, "దొంగలా పోతే అది పోలీసే అవుతుందే అమ్మాయ్, చెప్పి పో" అని. చెప్పి వెళ్ళడం మొదలెట్టాక రెండు నిమిషాలు ఏడ్చేది. బస్సు మలుపు తిరిగేసరికి ముక్కు నా లుంగీకి తుడుచుకుని "నాన్నా, ఆతలాదాం" అనేది.

ఆటలాడటానికి ఆవిడ సిద్ధం. నా కళ్ళు మూతలు పడిపోతున్నాయి.

నేను కనిపెట్టిన ఉపాయం ఒక్కటే. వీధి తలుపుకి గడియ పెట్టి, పెరటి గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని పడుకోవడం. ఆ తలుపు గడియ ఎప్పుడో ఊడిపోయింది, పైవాళ్ళకి రాసి రాసి విసిగిపోయాం. కంచె అవతల పట్టాలు. కాబట్టి నేనే గడియ. నన్ను తొక్కకుండా పిల్ల బయటికి వెళ్ళలేదు, తొక్కితే నాకు మెలకువ వస్తుంది. లెక్క బాగానే ఉంది. కానీ ఆవిడకి బయటికి వెళ్ళాలని ఏమీ లేదు, తొక్కడమే ఆట. పొట్ట మీద ఎక్కి అటు, మళ్ళీ ఎక్కి ఇటు. పదకొండున్నర కిలోలు. అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, రెండో పుట్టినరోజు నాడు స్టేషన్లో పార్సిల్ కాటా మీద నిలబెట్టి తూచాను. పట్టాలు మార్చే మా పాయింట్స్‌మన్ పక్కన నిలబడి, "బుకింగ్ ఎక్కడికండీ, రసీదు రాయించమంటారా?" అన్నాడు.

తొక్కినా లేవకపోతే పక్కన చతికిలబడి నా కనురెప్పలు రెండు వేళ్ళతో పట్టుకుని పైకి లేపేది. కళ్ళలోకి తొంగి చూసి, లోపల ఎవరైనా ఉన్నారా అని వెతుకుతున్నట్టు, "నాన్నా, ఉన్నావా?" అనేది. ఉన్నానమ్మా అంటే సరే అన్నట్టు రెప్పలు వదిలేసేది. మళ్ళీ రెండు నిమిషాలకి తనిఖీ.

అప్పటికి మాటలు ఒక్కసారిగా కట్ట తెగినట్టు వస్తున్నాయి. క అనేది నోట్లో తిరగదు, త అయిపోతుంది. కాకి "తాతి". గ అంటే ద, గేదె "దేదె". ర బదులు ల, రైలు "లైలు". ఇదంతా ఇంట్లో వాళ్ళకి అర్థమైనా బామ్మగారు మాత్రం ప్రతిసారీ తికమకపడేవారు. "తాతి తాతి" అని చెట్టు వైపు చూపిస్తే, "మీ తాత వచ్చాడుటే?" అని వీధిలోకి చూసేవారు. నేను ఫోన్లో "లైన్ క్లియర్" అనడం విని, పచ్చ తువ్వాలు పట్టుకుని పెరట్లో నిలబడి వెళ్ళే ప్రతి బండికీ "లైన్ తియ్యా" అని అరిచేది. ఆవిడ ఇవ్వకముందే బండి వెళ్ళిపోతే మటుకు ఏడుపు. నిజమే, నిబంధన ప్రకారం అది తప్పే కదా.

తనని తాను "నేను" అనుకోవడం ఇంకా రాలేదు. "అమ్మడు తింటుంది, అమ్మడు రాదు, అమ్మడికి వద్దు." ఎవరో మూడో మనిషి గురించి చెబుతున్నట్టే. ఆ తర్వాత కొన్నాళ్ళకి నేను వచ్చింది గానీ, వెనకాల క్రియ మారలేదు: "నేను తింటుంది, నేను రాదు." మా ఆవిడ టీచరు కదా, దిద్దబోతే నేనే ఆపాను. ఎలాగూ పోయేదే, ఉన్నన్నాళ్ళు ఉండనీ అని. పోయింది కూడా. ఏ రోజు పోయిందో చూడలేదు.

కాలం లెక్క ఇంకా వింత. ఆవిడకి ఉన్నవి రెండే రోజులు. ఇవాళ ఒకటి, ఇవాళ కానివన్నీ "నిన్న". "నిన్న అమ్మమ్మ వత్తుంది" అంటే రేపు పండక్కి అమ్మమ్మ వస్తుందని. "నిన్న అమ్మడు పడింది" అంటే ఎప్పుడో పోయిన నెల పడి మోకాలు కొట్టుకుపోయిందని. ముందూ వెనకా అన్నీ ఒకే సంచిలో వేసి మూతి కట్టేసింది.

వీటన్నిటి కంటే నన్ను నలుగురిలో తలదించుకునేలా చేసింది ఇంకొకటి. వాళ్ళమ్మ నన్ను పిలిచేది విని, అదే నా పేరనుకుంది. ఒకరోజు మధ్యాహ్నం ఎవరో ఇన్‌స్పెక్షన్‌కి వచ్చి, నాతో ప్లాట్‌ఫారం మీద నడుస్తున్నారు. కంచె సందులోంచి సన్నటి గొంతు గట్టిగా వినబడింది: "ఏవండీ! ఏవండీ! ఉచ్చ!" ఆయన ఆగి నా వైపు చూశారు. పాయింట్స్‌మన్ గోడ వైపు తిరిగి దగ్గడం మొదలెట్టాడు. "వెళ్ళి రండి, పిలుస్తున్నారు" అన్నారాయన.

అన్నం పెట్టడం గురించి చెప్పాలి. రెండేళ్ళ పిల్లకి అన్నం పెట్టడమంటే బతిమాలడం, భయపెట్టడం, లంచం ఇవ్వడం, చివరికి వెంటపడి పరిగెత్తడం. బూచాడంటే మా ఇంట్లో లాభం లేకపోయింది. "బూచాడు వస్తాడు" అంటే "లానీ, బువ్వ పెడదాం" అనేది. అప్పుడు దొరికింది గూడ్సు బండి.

పప్పు, నెయ్యి, అన్నం మెత్తగా పిసికి గిన్నెలో పట్టుకుని కంచె దగ్గర నిలబడేవాణ్ణి. ఎక్స్‌ప్రెస్‌లు ఇందుకు పనికిరావు. రత్నాచల్ లాంటివి రెండు ముద్దలు పెట్టేలోపు మాయం. బొగ్గు గూడ్సు అయితే 58 వ్యాగన్లు, నిదానంగా వస్తుంది. వ్యాగనుకో ముద్ద అని ఒప్పందం. నోరు తెరుచుకుని వ్యాగన్లు చూస్తుండగానే ముద్ద లోపలికి వెళ్ళిపోయేది. ఆవిడకి పట్టేవి పన్నెండు ముద్దలు, మహా అయితే పదిహేను. మిగతా వ్యాగన్లన్నీ ఊరికే వెళ్ళేవి. వేరే బండికి దారివ్వడానికి పక్కనుండే లూప్ లైన్లో గూడ్సు నిలబడిపోతే మాత్రం నా పని అయిపోయినట్టే. బండి కదిలితే గానీ నోరు కదలదు. ఎండలో గిన్నె పట్టుకుని నిలబడి, రాత్రంతా కంట్రోల్‌తో మాట్లాడినవాణ్ణే, మళ్ళీ స్టేషన్లో ఉన్నాయన్ని గోడ మీంచి అడిగేవాణ్ణి: "ఏవండీ మాస్టారూ, దీన్ని ఎప్పుడు వదుల్తారు? నా కూతురు ఆకలి మీదుంది."

ఆఖర్న బ్రేకు వ్యానులో గార్డు ఉంటాడు. మా స్టేషన్ మీదుగా తిరిగే గార్డులు చాలామందికి అమ్మడు తెలిసిపోయింది. కంచె దగ్గరకొచ్చేసరికి పచ్చజెండా ఊపేవారు. ఈవిడ పచ్చ తువ్వాలు ఊపేది. ఇప్పుడు గార్డులు లేరు, 2022 జనవరి నుంచి వాళ్ళని ట్రైన్ మేనేజర్లు అంటున్నారు. మేనేజర్‌గారికి రెండేళ్ళ పిల్ల తువ్వాలు ఊపుతుందో లేదో మరి.

ఒకరోజు ఆ గుమ్మం ముందు నిజంగానే నిద్రపోయాను. నన్ను లేపింది చప్పుడు కాదు, చప్పుడు లేకపోవడం. స్టేషన్లో పనిచేసేవాళ్ళకి ఇది అలవాటే, మోగాల్సిన ఫోను అరగంట మోగకపోతే నిద్రమత్తు దానంతట అదే వదిలిపోతుంది. లేచి చూస్తే వంటింట్లో డబ్బాలన్నీ కింద. కందిపప్పులో మినప్పప్పు, మినప్పప్పులో ఆవాలు. మధ్యలో అమ్మడు బుద్ధిగా కూర్చుని ఉంది. ముక్కు ఒకవైపు ఉబ్బి ఉంది. "ఏంటమ్మా?" అంటే వేలితో ముక్కు చూపించి, "బతానీ బజ్జుంది" అంది.

ఎండు బఠాణీ. గుండె జారిపోయింది. ఎండు గింజలు తడి తగిలితే ఉబ్బుతాయని నాకు తెలుసు, రాత్రి నానబెడితే పొద్దున్నకి చూస్తున్నాం కదా. బామ్మగారు పిన్నీసుతో లాగుదామన్నారు. ఎందుకో ఆ మాట వినలేదు, వినకపోవడమే మంచిదైంది. పిన్నీసు, వేలు, చీపురుపుల్ల, ఏది పెట్టినా గింజ ఇంకా లోపలికే పోతుందని తర్వాత డాక్టరుగారు చెప్పారు. లుంగీ మీదే సైకిలెక్కి, పిల్లని ముందు బార్ మీద కూర్చోబెట్టుకుని ఊళ్ళో పిల్లల డాక్టరుగారి దగ్గరికి తొక్కాను. ఆవిడ దారి పొడుగునా కనబడినవాళ్ళందరికీ "బతానీ, బతానీ" అని చెబుతూనే ఉంది.

డాక్టరుగారు పెద్దాయన. లైటు వేసి చూసి, పరికరాలేమీ తియ్యలేదు. "ముందు ఒక పని చేద్దాం. పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. రెండో ముక్కు వేలితో మూసేయండి. ముద్దు పెట్టుకున్నట్టు దాని నోరంతా మీ నోటితో మూసి ఒక్కసారి గట్టిగా ఊదండి. రాకపోతే అప్పుడు నేను తీస్తాను" అన్నారు. నేను ఊదాను. రాలేదు. భయపడి మెల్లిగా ఊదుతున్నావు, బండికి విజిల్ వేసినట్టు ఊదమన్నారు. రెండోసారి ఊదితే బఠాణీ, దానితో పాటు వచ్చేవన్నీ కలిసి నా బుగ్గ మీద పడ్డాయి. నోట్లోంచి పంపిన గాలి వెనక నుంచి తోసేస్తుందన్నమాట. ఇంత చిన్న కిటుకు. మందుల చీటీ లేదు, ఫీజు కూడా సగమే తీసుకున్నారు. నా ఒళ్ళు ఇంకా వణుకుతోంది. అమ్మడు మాత్రం చప్పట్లు కొట్టి, "నాన్నా, మల్లీ ఊదు" అంది.

ఈ రోజుల్లో బొమ్మల్లో, రిమోట్లలో వచ్చే బిళ్ళ బ్యాటరీలు ముక్కులోనో గొంతులోనో ఇరుక్కుంటే మాత్రం ఇలా నవ్వుకోవడానికి ఉండదు. గంటల్లోనే లోపల కాల్చేస్తాయి. మా మేనల్లుడి పిల్లాణ్ణి చూసినప్పుడల్లా ఆ రిమోట్ వెనక మూతకి ప్లాస్టర్ వేసి వస్తుంటాను. నాకు ప్లాస్టర్ అలవాటు అప్పటి నుంచీ ఉంది.

ఆ ఏడాదే గోదావరి పుష్కరాలు. జులై 30 నుంచి ఆగస్టు 10 దాకా, పన్నెండు రోజులు. కొవ్వూరులో గోష్పాద క్షేత్రం ఉంది కదా, బండి దిగిన జనం దిగినట్టే ఉండేవారు. సెలవులు రద్దు. ఎనిమిది గంటల డ్యూటీ పన్నెండు గంటలైంది. రెండు గదుల క్వార్టర్లో చుట్టాలు పద్నాలుగు మంది. మా ఆవిడ ఆ పన్నెండు రోజులూ వండుతూనే ఉంది. అమ్మడికి మాత్రం పుష్కరమే. ఒకరి ఒళ్ళోంచి ఇంకొకరి ఒళ్ళోకి, ఒకరి చేతిలో కాజా, ఇంకొకరి చేతిలో అరటిపండు. "పుత్తలాలు" అన్న మాట నేర్చుకుని, కొత్తగా ఎవరు గుమ్మంలోకి వచ్చినా వాళ్ళ పేరు అదే అనుకునేది.

ఒకరోజు తెల్లవారుజామున మూడింటికి మా అత్తగారు పట్టుబట్టి అందర్నీ రేవుకి తీసుకెళ్ళారు. అమ్మడు నా వీపు మీద ఉప్పుమూట. ఆగస్టు నెల, వరద నీరు, ఎర్రగా నిండుగా ఉంది. దీపాల వెలుగులో ఆ నీళ్ళు చూసి నా మెడ గట్టిగా పట్టుకుంది. స్నానానికి ఆవిడకి తెలిసిన మాట లాల. చాలాసేపు చూసి, చెవిలో అడిగింది: "నాన్నా, ఇంత లాలా?" ముంచలేదు. అత్తగారు చెంబుతో మూడుసార్లు నెత్తిన పోసి సరిపెట్టారు.

ఆ పన్నెండు రోజుల్లో నేను ఇంటికి వచ్చేసరికి అమ్మడు నిద్రలో ఉండేది, వెళ్ళేసరికీ నిద్రలోనే. ఆఖర్న ఒకరోజు మధ్యాహ్నం గంట ముందు వదిలితే ఇంటికొచ్చి తలుపు కొట్టాను. కిటికీ ఊచల్లోంచి చూసింది. తెల్లబట్టలు, మాసిన గడ్డం. ఇంటికి ఎవరొచ్చినా చెప్పమని నేర్పిన మాటే నాకూ చెప్పింది: "నాన్న లేలు. దూటీతి వెల్లాలు." నేనేనమ్మా నాన్నని అంటే, ఒక్క క్షణం ఆలోచించి, "తాదు, నిన్న వత్తాలు" అని కిటికీ రెక్క మూసేసింది. లోపల చుట్టాలు పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. స్నానం చేస్తూ కాస్త ఎక్కువసేపే ఉండిపోయాను.

తర్వాతి పుష్కరాలు 2015లో. అప్పటికి అమ్మడికి పద్నాలుగు, స్నానానికి రమ్మంటే పరీక్షలున్నాయంది. మళ్ళీ 2027లో వస్తాయి.

చలికాలంలో పల్స్ పోలియో వాళ్ళు వచ్చేవారు. రెండు చుక్కలు నోట్లో వేసి ఎడమచేతి చిటికెనవేలికి సిరా గుర్తు పెట్టేవారు. చుక్కల చేదు మర్చిపోయి ఆ వేలిని మాత్రం వారం రోజులు దాచుకుంది. నీళ్ళు పోసేటప్పుడు ఆ చెయ్యి పైకెత్తి పట్టుకునేది, తడవకుండా. ఆవిడకి అది ఉంగరం. 2014 మార్చిలో మన దేశంతో సహా ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో లేదని సర్టిఫికెట్ ఇచ్చారన్న వార్త చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ పైకెత్తిన చెయ్యే. సంక్రాంతికి భోగిపళ్ళు పోస్తే, నెత్తి మీంచి దొర్లిన రేగిపళ్ళన్నీ ఏరుకుని తిని, చిల్లర డబ్బులు నా జేబులో వేసి, "తితెత్తు తొనుత్తో" అంది. టికెట్టు కొనుక్కోమని. స్టేషన్ మాస్టర్ కూతురు మరి.

సెలవు రోజు సాయంత్రాలు గట్టుకి తీసుకెళ్ళేవాణ్ణి. అక్కడి నుంచి వంతెనలు కనబడతాయి. 1974లో కట్టిన రోడ్డు, రైలు కలిసిన వంతెన. 1997లో వచ్చిన ఆర్చీల వంతెన. 1900 నుంచీ మోసి మోసి 1997లో బండ్లు ఆగిపోయిన పాత వంతెన. రెండింటి మీదే బండ్లు వెళ్తాయి, మూడోదాని మీద వెళ్ళవేం అని అడిగేది. "అది బజ్జుందమ్మా" అని చెప్పాను. ఆ రోజు నుంచి అటు తిరిగినప్పుడల్లా పెదాల మీద వేలు పెట్టుకుని "ష్" అనేది, పక్కన కూర్చున్న ముసలాళ్ళక్కూడా. ఆవిడ దృష్టిలో నిద్రపోనివ్వాల్సింది ఆ వంతెనని ఒక్కదాన్నే. నన్ను కాదు.

2004 వేసవిలో నాకు బదిలీ అయింది. కొత్త ఊళ్ళో క్వార్టర్ పట్టాలకి దూరం, తలుపులన్నిటికీ గడియలు ఉన్నాయి. అమ్మడు నర్సరీలో చేరింది. క వచ్చింది, గ వచ్చింది, ర వచ్చింది. నిన్న, రేపు విడిపోయాయి. నైట్ డ్యూటీ చేసి వస్తే ఇల్లు నిశ్శబ్దం, పదింటి నుంచి మూడింటి దాకా హాయిగా నిద్ర. నిజంగానే హాయిగా ఉండేది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఇప్పుడు ఆవిడకి ఇరవై నాలుగు దాటాయి, బెంగళూరులో ఉద్యోగం. క్యాసెట్ సంగతి ఫోన్లో చెబితే, "వినిపించు నాన్నా" అని ఒకటే గోల. ఇంట్లో టేప్ రికార్డర్ పోయి ఎన్నేళ్ళయిందో. రాజమండ్రిలో పాత రేడియోలు బాగుచేసే ఒకాయన్ని పట్టుకుంటే, టేపు చూసి, బూజు పట్టింది, ఒకటి రెండుసార్ల కంటే తట్టుకోదేమో అన్నాడు. జాగ్రత్తగా తుడిచి, చక్రంలో పెన్సిల్ పెట్టి ముందుకీ వెనక్కీ తిప్పి, ఫోన్లోకి ఎక్కించి ఇచ్చాడు. ఆ రాత్రి వీడియో కాల్ పెట్టుకుని ముగ్గురం విన్నాం.

ముందు ఫ్యాను కిర్రుకిర్రు. ఆ ఫ్యాను చప్పుడు వినగానే మా ఆవిడ, "అది కొవ్వూరు ఫ్యానే" అంది. తర్వాత నా గొంతు. రికార్డు బటన్ నొక్కేసి నేను మళ్ళీ చాప మీద వాలినట్టున్నాను. "అమ్మడూ, పది నిమిషాలమ్మా. పది నిమిషాలు పడుకోనివ్వు, నీకు దణ్ణం పెడతాను." "పడుతో. అమ్మడు జోజో తొడుతుంది." ఆ తర్వాత చాలాసేపు మెత్తగా, వరసగా ఒక చప్పుడు. అదేమిటో ముందు అర్థం కాలేదు. వీపు మీద చిన్న చెయ్యి తడుతున్న చప్పుడది.

బెంగళూరు నుంచి, "నాన్నా, ఆ గొంతు నాదా? నాకేం గుర్తు లేదు, ఒక్క ముక్క కూడా" అంటోంది. బఠాణీ? లేదు. గార్డు జెండా? లేదు. ఆ ఇల్లు ఎలా ఉంటుందో కూడా లేదు. రెండేళ్ళప్పటివి ఎవరికి గుర్తుంటాయిలే అన్నాను.

టేపులో దూరంగా బండి కూత. చిన్న పాదాలు పరిగెత్తిన చప్పుడు, ఎవరో మూలిగిన చప్పుడు, నన్నే తొక్కుకుంటూ వెళ్ళినట్టుంది. "లైన్ తియ్యా! లైన్ తియ్యా!" బండి మోతలో ఆ గొంతు మునిగిపోయి, మోత తగ్గాక మళ్ళీ తేలింది. పాదాలు వెనక్కి వచ్చాయి. దగ్గరగా, మైకు మీద నోరు పెట్టినంత దగ్గరగా ఆయాసం వినబడింది.

"నాన్నా, బండి వెల్లిపోయింది."

"ఊఁ."

"నాన్నా, నిన్న తూడా బండి వత్తుందా?"

నేను ఏం చెప్పానో వినడానికి ముగ్గురం ఫోను మీదికి వంగాం. టక్కుమని చప్పుడైంది. భజన, తాళాలతో సహా, మధ్యలోంచి అందుకుంది.